ఫీజుకీ పశువుకీ చుట్టరికం: ఒక పాత జర్మానిక్ మాట పుట్టుకనీ సంతానాన్నీ మనమే తేల్చుకోవడం ఎలా

పిల్లల కాలేజీ ఫీజు కట్టే రోజుల్లో మా ఊళ్లో "గొడ్లు అమ్మితే గానీ తీరేలా లేదు" అనే మాట ఎవరో ఒకరి నోట వచ్చేది. నిజంగానే అమ్మి కట్టినవాళ్లూ ఉన్నారు. ఫీజు అన్న మాటలోనే ఒక పశువు కట్టేసి ఉందని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది నాకు. తెలిసిన ఉత్సాహంలో చుట్టాల వాట్సాప్ గ్రూపులో "ఫీజు అంటే పశువే, సంస్కృతం నుంచే వచ్చింది" అని పెట్టేశాను, అందరూ దండం బొమ్మలు పెట్టారు, ఒక్కరూ తప్పు పట్టలేదు. అందులో మాత్రం రెండు తప్పులున్నాయి. ఒక మాట పుట్టుపూర్వోత్తరాలు తవ్వేటప్పుడు అలాంటి తప్పులు ఎలా దొర్లుతాయో, వాటిని ఎలా పట్టుకోవాలో ఈ ఒక్క మాట మీదే అడుగడుగునా చేసి చూపిస్తాను.

మన మాట *ఫెహు, ఫీజు అన్న మాట వెనక దాక్కున్నది ఇదే. ముందున్న ఆ నక్షత్రం గుర్తుకి అర్థం ఏమిటంటే, ఇది ఏ రాతిమీదా ఏ తాళపత్రంలోనూ దొరికిన మాట కాదు, దొరికిన మాటలన్నిటినీ పక్కపక్కన పెట్టి వెనక్కి లెక్కకట్టి తేల్చిన రూపం. ఇంగ్లీషు, జర్మన్, డచ్చి, స్వీడిష్, ఐస్లాండిక్ లాంటి భాషలన్నిటికీ తల్లి అయిన మూల జర్మానిక్ భాషలోది ఇది. సుమారు క్రీస్తుపూర్వం 500 ప్రాంతంలో దక్షిణ స్కాండినేవియాలో, ఉత్తర జర్మనీలో ఆ భాష మాట్లాడేవారని పండితుల అంచనా. రాసుకున్న పుస్తకం మాత్రం ఒక్కటీ లేదు.

ముందు చెవిని సిద్ధం చేసుకోండి

నేరుగా జర్మానిక్‌లోకి దూకితే తల తిరుగుతుంది. మొదట మన ఇంట్లోనే ఒక చిన్న ప్రయోగం చేయండి. కన్నడంలో కివి అంటే మనకు చెవి. వాళ్ల కెరె మన చెరువు, వాళ్ల కెడు మన చెడు, వాళ్ల కై మన చెయ్యి. గమనించారు కదా, అక్కడ ‘క’ ఉన్నచోట ఇక్కడ ‘చ’ ఉంది, అదీ ఇ, ఎ లాంటి అచ్చుల ముందు. ఒక్క మాటలో అయితే కాకతాళీయం అనుకోవచ్చు, వరసగా నాలుగైదు మాటల్లో అదే జరిగితే అది నియమం. ఈ విద్య మొత్తానికి పునాది ఇంతే: మాటలు ఒకేలా వినిపించడం ముఖ్యం కాదు, తేడా ప్రతిసారీ ఒకే పద్ధతిలో ఉండటం ముఖ్యం. 1816లో మద్రాసులో ఎల్లిస్ దొర తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని చూపించినప్పుడు చేసిన పనీ, తర్వాత ఒంగోల్లో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి గారు మూల ద్రావిడ రూపాలు తేల్చడానికి చేసిన పనీ ఈ పద్ధతిలోనివే. (పశువుల మాట గురించి రాస్తూ ఒంగోలు పేరెత్తకుండా ఎలా ఉంటాను!)

మొదటి అడుగు: చెల్లెళ్లని పోగెయ్యండి

ఒక కాగితం తీసుకుని గళ్లు గీయండి. భాష, కాలం, రూపం, అర్థం. ఇప్పటి మాటలతో మొదలుపెట్టినా సరే, వీలైనంత పాత రూపం దాకా వెళ్లాలి, ఎందుకంటే కొత్త రూపాలు బాగా అరిగిపోయి ఉంటాయి.

మన మాటకి అన్నిటికన్నా పాత సాక్షి గోతిక్, ఇప్పుడు ఎవరూ మాట్లాడని ఒక జర్మానిక్ భాష. నాలుగో శతాబ్దంలో వుల్ఫిలా అనే బిషప్పు బైబిల్ని గోతిక్‌లోకి మార్చాడు. దాని ప్రతుల్లో ప్రసిద్ధమైనది, ఆరో శతాబ్దం మొదట్లో వెండి సిరాతో రాసినది, ఇప్పుడు స్వీడన్‌లోని ఉప్సలాలో ఉంది. మార్కు సువార్త 14వ అధ్యాయంలో యూదాకి డబ్బు ఇస్తామని పెద్దలు మాటిచ్చే చోట వాడిన మాట ఫైహు. రాత అలా ఉన్నా పలకడం ‘ఫెహు’కి దగ్గర. అర్థం డబ్బు, సొత్తు.

తర్వాత పాత సాక్సన్‌లో ఫెహు, పాత జర్మన్‌లో ఫిహు, పాత ఇంగ్లీషులో ఫెయొహ్, స్కాండినేవియా వాళ్ల పాత భాష అయిన పాత నార్స్‌లో ఫే. పాత ఇంగ్లీషులోనూ నార్స్‌లోనూ పశువులు, డబ్బు రెండు అర్థాలూ ఉన్నాయి. ఇప్పటి జర్మన్‌లో ఇది పశువులు అనే అర్థంతో మిగిలింది, పలకడం ‘ఫీ’. అవును, అచ్చం ఇంగ్లీషు ఫీ లాగే! ఈ పోలికని చూసి సంబరపడకండి, దీని సంగతి తర్వాత చూద్దాం.

ఎక్కడ వెతకాలి అంటారా, విక్షనరీలో మూల జర్మానిక్ రూపాలకి విడి పేజీలున్నాయి, పాత ఇంగ్లీషుకి బాస్‌వర్త్-టాలర్ నిఘంటువు నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, కాస్త లోతుగా పోవాలంటే 2013లో వచ్చిన క్రూనెన్ మూల జర్మానిక్ నిఘంటువు చూడండి. ఒక్క చోటే చూసి ఆగిపోవద్దు. విక్షనరీ మంచిదే కానీ అక్కడ ఒక గీత తప్పు గీస్తే వంద సైట్లు అదే గీతని కాపీ కొడతాయి.

రెండో అడుగు: ఒక్కొక్క ధ్వనినీ తూచండి

మొదటి ధ్వని ‘ఫ’. అన్ని చెల్లెళ్లలోనూ ‘ఫ’నే, పేచీ లేదు. మధ్యలో ‘హ’ గోతిక్‌లో, సాక్సన్‌లో, పాత జర్మన్‌లో, పాత ఇంగ్లీషులో ఉంది, నార్స్‌లో లేదు. రెండు అచ్చుల మధ్య ‘హ’ని పోగొట్టుకోవడం నార్స్‌కి అలవాటే, పోయినచోట అచ్చు సాగి ‘ఫే’ అయింది. కాబట్టి అసలు రూపంలో ‘హ’ ఉంది. చివరి ‘ఉ’కి గోతిక్, సాక్సన్, పాత జర్మన్ మూడూ సాక్ష్యం చెబుతున్నాయి.

చిక్కంతా మధ్య అచ్చుతోనే. ఎ, ఇ, ఎయొ, ఇందులో ఏది అసలు? ఓట్లు లెక్కపెట్టి తేల్చే పని కాదిది. ఏది అసలు అనుకుంటే మిగతావి వాటి వాటి భాషా నియమాల ప్రకారం వస్తాయో చూడాలి. ‘ఎ’ అనుకోండి. పాత ఇంగ్లీషు ‘హ’ ముందు ‘ఎ’ని ‘ఎయొ’గా విరుస్తుంది, ఇది ఆ భాషలో వేరే మాటల్లోనూ కనిపించే నియమం. పాత జర్మన్‌లో తర్వాతి అక్షరంలో ‘ఉ’ ఉంటే ‘ఎ’ కాస్త పైకి లేచి ‘ఇ’ అవుతుంది. సరిపోయింది. అదే ‘ఇ’ అసలు అనుకుంటే సాక్సన్ ‘ఎ’కి కారణం చెప్పలేక నీళ్లు నమలాలి. అందుకే *ఫెహు.

ఇంకో సాక్షి ఉంది. పాత జర్మానిక్ జాతులు వాడిన రూనిక్ లిపిలో మొదటి అక్షరం ‘ఫ’, దాని పేరే ఈ మాట. ఆ అక్షరాల వరసని ఫుథార్క్ అంటారు, మనం ఓనమాలు అన్నట్టు మొదటి అక్షరాలు కలిపి పెట్టిన పేరు. స్వీడన్‌లోని గాట్లాండ్ దీవిలో దొరికిన, సుమారు 400 నాటి కూల్వర్ రాయి మీద ఈ వరస చెక్కి ఉంది. అక్షరమాల సంపదతో మొదలవుతుందన్నమాట, చదువుకీ డబ్బుకీ సంబంధం అప్పుడే కుదిరిపోయింది.

మూడో అడుగు: పినతల్లి పిల్లల దగ్గరికి వెళ్లండి

తెలుగువాళ్లకి ఇక్కడ ఒక లాభం ఉంది. సంస్కృత మాటలు మన నోట్లో ఆడుతూనే ఉంటాయి కదా, జర్మానిక్ మాట వెనక్కి వెళ్లాలంటే వాటితో పోల్చి చూడటం మనకు సులువు.

జర్మానిక్ భాషలు విడిపోకముందు పాత ‘ప’ అంతా ‘ఫ’ అయింది, పాత ‘క’ అంతా ‘హ’ అయింది. 1818లో డెన్మార్క్‌కి చెందిన రాస్క్ ఇలాంటి పోలికలు చూపించాడు, 1822లో జర్మనీలో యాకోబ్ గ్రిమ్ (జానపద కథల అన్నదమ్ముల్లో ఒకడు, ఆయనే) దాన్ని నియమంగా పేర్చాడు, అందుకే గ్రిమ్ సూత్రం అంటారు. పరీక్షించి చూడండి: సంస్కృతంలో పితృ, ఇంగ్లీషులో ఫాదర్. పాదం, ఫుట్. పంచ, ఫైవ్. ఇక ‘హ’ కోసం: శతం, హండ్రెడ్. శృంగం, హార్న్. శ్వానం, హౌండ్.

‘క’ అని చెప్పి ‘శ’ చూపిస్తున్నానేమిటి అనుకుంటున్నారా? తూర్పు వైపు భాషల్లో ఆ పాత ధ్వని ‘శ’ వైపు జరిగింది, లాటిన్‌లో ‘క’గానే ఉండిపోయింది. శతానికి లాటిన్‌లో కెంతుమ్, దశకి దెకెమ్. ఇప్పుడు పశుకి ఏం ఉండాలో మీరే చెప్పండి. పెకు! సరిగ్గా ఆ మాటే ఉంది లాటిన్‌లో, అర్థం పశువులు. దాని నుంచే పెకూనియా, అంటే డబ్బు.

నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా ఇష్టమైన జంట ఇది: సంస్కృతంలో దశ, గోతిక్‌లో తైహున్. సంస్కృతంలో పశు, గోతిక్‌లో ఫైహు. ‘అశ’ ఉన్నచోట ‘ఐహ’, ఒకే మూసలో పోసినట్టు. ఇంత నిక్కచ్చిగా కుదిరిన తర్వాత ఇక అనుమానానికి తావు లేదు, పశు, పెకు, ఫెహు ముగ్గురూ ఒకే తల్లి బిడ్డలు. ఆ తల్లిని *పెకు అని రాస్తారు, ఆ ‘క’ని కాస్త తాలువు వైపు పలకాలని గుర్తు పెట్టుకోండి. ఆ భాష పేరు మూల ఇండో-యూరోపియన్. సంస్కృతంలో ‘ఎ’ ఎందుకు లేదంటే, పాత హ్రస్వ ఎ, ఒ రెండూ సంస్కృతంలో ‘అ’లో కలిసిపోయాయి.

నా మొదటి తప్పు ఇప్పుడు తెలిసిపోయింది కదా. పశు అనేది ఫెహుకి తల్లి కాదు, అక్క. సంస్కృతం నుంచి ఇంగ్లీషు వచ్చిందని చెప్పే ఫార్వర్డు మెసేజిలన్నీ ఈ అక్కని తల్లి చెయ్యడంతోనే మొదలవుతాయి. అలాగే తెలుగులో పశువు సంస్కృతం నుంచి తెచ్చుకున్న ఎరువు మాట, కాబట్టి దీన్ని చూపించి తెలుగుకీ జర్మన్‌కీ రక్తసంబంధం అంటగట్టకూడదు. గొడ్డు అనే మాట మనకు విడిగా ఉంది.

కొంచెం ఓపిక ఉంటే ఇంకో పరీక్ష. గ్రిమ్ సూత్రానికి కొన్ని మాటలు లొంగలేదు. 1875లో కార్ల్ వెర్నర్ అనే డేనిష్ పండితుడు దానికి కారణం వేద స్వరంలో, అంటే మాటలో ఏ అచ్చు మీద ఊనిక పడుతుందన్నదానిలో, ఉందని కనిపెట్టాడు. పాత మాటలో ఊనిక ఆ హల్లుకి ముందు అచ్చు మీద ఉంటే ఒక ఫలితం, లేకపోతే ఇంకో ఫలితం. జర్మన్‌లో అన్నకి బ్రూడర్, నాన్నకి ఫాటర్, ఒకదానిలో ‘డ’, ఇంకోదానిలో ‘ట’ ఎందుకుందంటే వేదంలో భ్రాతర్‌కి ఊనిక మొదట ఉంది, పితర్‌కి చివర ఉంది. మన మాటకి ఊనిక చివర ఉండి ఉంటే జర్మానిక్‌లో *ఫెగు లాంటిది రావాలి. ‘హ’ ఉంది కాబట్టి ఊనిక మొదటి అచ్చు మీదే. ఋగ్వేదంలో పశు మామూలుగా పుంలింగం, ఊనిక చివర. అరుదుగా నపుంసకంలో వచ్చినచోట మాత్రం ఊనిక మొదట ఉంది. లాటిన్ పెకు నపుంసకం, గోతిక్ ఫైహు నపుంసకం, అంటే మన మాటకి జోడీ ఆ అరుదైన నపుంసక రూపమే. దీన్ని మొదటిసారి గమనించినప్పుడు ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, మా ఇంట్లో వాళ్లకి చెప్తే వింతగా చూశారు.

నాలుగో అడుగు: అర్థాన్ని తేల్చడం, ఇక్కడే జారేది

ధ్వనులకి నియమాలున్నాయి గానీ అర్థానికి అంత గట్టి నియమాలు లేవు. మామూలుగా చెప్పే కథ: ముందు పశువు, తర్వాత పశువే సంపద, తర్వాత డబ్బు. రోమన్ రచయిత టాసిటస్ 98వ సంవత్సరం ప్రాంతంలో జర్మానిక్ జాతుల గురించి రాస్తూ, పశువులే వాళ్ల ఏకైక సంపద, వాళ్లకి ఇష్టమైన సంపద అనీ, జరిమానాలు కూడా గుర్రాలూ పశువులూ ఇచ్చి కట్టేవారనీ చెప్పాడు. మనకూ గోధనం అనే మాట ఉంది. తమిళంలో మాడు అంటే పశువు, పాత సాహిత్యంలో సంపద కూడా.

కానీ ఫ్రెంచి పండితుడు బెన్‌వెనిస్త్ 1969లో దీన్ని తలకిందులు చేశాడు. ముందు అర్థం కదిలే సొత్తు, అందులో ముఖ్యమైనది పశువు కాబట్టి తర్వాత పశువుకి పరిమితమైంది అన్నాడు. అలాంటి దారి నిజంగా ఉందని స్పానిష్ చెబుతుంది: అక్కడ పశువుల మందకి గనాదో అంటారు, అసలు అర్థం ‘సంపాదించినది’. ఇంగ్లీషు క్యాటిల్ కూడా సొత్తు అనే అర్థం నుంచి పశువు దగ్గరికి వచ్చిన మాటే. ఇంకొందరు దీన్ని ఉన్ని దువ్వడం, పీకడం అనే అర్థమున్న *పెక్ ధాతువుతో కలుపుతారు, అప్పుడు మొదటి అర్థం ఉన్ని ఇచ్చే జంతువు, అంటే గొర్రె. ఒస్సెటిక్ భాషలో ఫిస్, కుర్దిష్‌లో పెజ్ అంటే గొర్రె, ఐస్లాండ్‌లో ఇప్పటికీ ఫే అంటే ముఖ్యంగా గొర్రెలే. నా మొగ్గు గొర్రె వైపే, కానీ కాగితం మీద రాసేటప్పుడు "పశువులు, కదిలే సొత్తు" అని రెండూ రాసి ఊరుకుంటాను. మీరూ అలాగే చెయ్యండి. సాక్ష్యం ఎంతవరకు వెళ్తే అంతవరకే మన మాట వెళ్లాలి.

ఒస్సెటిక్ ఫిస్‌లో ‘ఫ’ చూసి అది జర్మానిక్‌కి దగ్గర అనుకునేరు! అది ఇరానియన్ భాష, అక్కడ ‘ప’ వేరుగా, తన దారిన తాను ‘ఫ’ అయింది.

ఐదో అడుగు: కిందికి దిగండి, సొంత బిడ్డ ఎవరో పెంపుడు బిడ్డ ఎవరో విడదీస్తూ

వంశవృక్షం గీసేటప్పుడు రెండు రకాల గీతలు వాడండి. తల్లి నుంచి బిడ్డకి నేరుగా వచ్చిన మాటకి నిండు గీత, వేరే భాష నుంచి అరువు వచ్చినదానికి చుక్కల గీత. సగం గందరగోళం ఈ ఒక్క అలవాటుతో పోతుంది.

నిండు గీతలు ఇవి. జర్మన్ ఫీ, డచ్చి వే, రెండూ పశువులే. స్వీడిష్, డేనిష్ భాషల్లో పశువు అన్నదే తిట్టుగా కూడా మారింది, బుద్ధిలేనివాడు అని, మనం "ఒరేయ్ పశువా" అన్నట్టే. ఐస్లాండిక్‌లో రెండు అర్థాలూ ఇప్పటికీ చెక్కుచెదరలేదు. షష్ఠీ రూపం ఫ్యార్, దానితో కట్టిన ఫ్యార్‌హూస్ అంటే గొర్రెల కొట్టం, ఫ్యార్‌మాల్ అంటే ఆర్థిక వ్యవహారాలు. వాళ్ల ఆర్థిక మంత్రి పదవి పేరులో గొర్రె ఇప్పటికీ మేస్తూనే ఉంది.

ఇక ఇంగ్లీషు. పాత ఫెయొహ్ మధ్యయుగం దాకా బతికి మెల్లగా పోయింది. ఇప్పటి ఫీ దాని నేరు బిడ్డ కాదు. ఇదే నా రెండో తప్పు. అసలు జరిగింది ఇలా చెబుతారు: ఫ్రాన్సుని ఏలిన ఫ్రాంకుల జర్మానిక్ భాషలో ఈ ఫెహు ఉండేది, అది అక్కడి లాటిన్, ఫ్రెంచి నోళ్లలో పడి ఫియెఫ్, ఫ్యూదుమ్ లాంటి రూపాలు ఎత్తింది, అర్థం దొర తన కింద సేవ చేసేవాడికి అనుభవించమని ఇచ్చిన భూమి, మన మాన్యం లాంటిది. (ఈ ఫ్రెంచి మాటలో రెండో భాగం ఏమిటన్నదాని మీద పండితులు ఇంకా కొట్టుకుంటున్నారు.) 1066లో నార్మన్లు ఇంగ్లండుని గెలిచాక ఆ మాట వాళ్లతో ఇంగ్లీషులోకి వచ్చింది. మాన్యం కాస్తా పదవిగా, పదవికి వచ్చే ప్రతిఫలంగా, చివరికి డాక్టరుకో లాయరుకో ఇచ్చే డబ్బుగా మారింది. ఆ బహువచనం ‘ఫీజ్’ మన దగ్గర ఫీజు అయి కూర్చుంది. పాత భూమి అర్థం ఇంగ్లీషు చట్టంలో ఇంకా ఉంది, భూమి మీద సర్వహక్కుల్ని ఫీ సింపుల్ అంటారు. ఫ్యూడల్ అనే మాట కూడా ఈ గుంపులోదే.

కాబట్టి జర్మన్ ఫీ, ఇంగ్లీషు ఫీ ఒకేలా పలికినా ఒకటి నేరుగా నడిచి వచ్చింది, ఇంకోటి ఫ్రాన్సు చుట్టి వచ్చింది.

ఫెలో ఇంకా ముచ్చటైన కేసు. నార్స్‌లో ఫే, దానికి ‘పెట్టడం’ అనే అర్థమున్న మాట కలిపితే ఫేలగి, అంటే వ్యాపారంలో తన వాటా సొమ్ము పెట్టినవాడు, భాగస్వామి. వైకింగుల కాలంలో ఇంగ్లీషులోకి వచ్చి తోటివాడు అయింది. మన యూనివర్సిటీల్లో పరిశోధక విద్యార్థులు నెలల తరబడి ఎదురుచూసే ఫెలోషిప్‌లో ‘ఫె’ అంటే పశువే, డబ్బే. పెక్యూలియర్, పెక్యూనియరీ మాత్రం ఈ ఇంటివి కావు, లాటిన్ పెకు ఇంటి నుంచి అరువు వచ్చినవి. *ఫెహు కింద వాటిని రాయకండి, *పెకు కింద చుక్కల గీతతో రాయండి.

ఆరో అడుగు: దొంగ చుట్టాల్ని బయటికి పంపండి

ఇంగ్లీషులో పగ అనే అర్థమున్న ఫ్యూడ్ ఉంది, ఫ్యూడల్ పక్కనే నిలబడి తమ్ముడిలా నవ్వుతుంది. సంబంధం లేదు. అది శత్రువు అనే అర్థమున్న ఫో అనే మాట కుటుంబం. దొరలు పగలు పెంచుకున్నారు కాబట్టి రెండూ ఒకటే అని కథ అల్లడం సులువు, నేనే ఒకప్పుడు అల్లాను. కథ ఎంత బాగుంటే అంత అనుమానించండి.

లిథువేనియన్‌లో పెకుస్ అనే పాత మాట ఉంది, పశువని అర్థం. చూడగానే జ్ఞాతి అనిపిస్తుంది. కానీ ఆ భాషలో వందకి షిమ్తస్, పదికి దెషిమ్త్, అంటే మన ‘శ’ ఉన్నచోట వాళ్లకి ‘ష’ రావాలి. ఇక్కడ ‘క’ ఉంది. కాబట్టి అది పడమటి వైపు ఏదో భాష నుంచి అరువు వచ్చిందని చాలామంది అనుమానిస్తారు. అర్థం కుదిరి, రూపం మరీ బాగా కుదిరితే కూడా ప్రమాదమే అని దీన్నుంచి నేర్చుకున్నాను.

కాగితం ఇప్పుడు నిండిపోయి ఉంటుంది. పైన *పెకు, దాని కింద పశు, లాటిన్ పెకు, *ఫెహు పక్కపక్కన, *ఫెహు కింద నిండు గీతలూ చుక్కల గీతలూ, అనుమానం ఉన్నచోట ప్రశ్నార్థకం. పెన్సిల్‌తోనే రాయండి. తర్వాతి మాటగా *తెహున్ తీసుకోండి, పది అని అర్థం, సగం పని పైన అయిపోయింది. ఆధునిక ఇంగ్లీషు టెన్‌లో ఆ ‘హ’ ఎటు పోయిందో, జర్మన్ త్సేన్‌లో ‘త’ స్థానంలో ‘త్స’ ఎలా వచ్చిందో మీరే పట్టుకోగలరేమో చూడండి. జర్మన్ రాతలో ‘హ’ ఇంకా ఉంది, పలకరు అంతే.